ఎదురు నూగు

మ్యాచ్ మొదలయ్యే ముందు పుష్పరాణి తనకు వేసిన కుర్చీని మడమతో వెనక్కి నెడుతుంది. ప్రత్యర్థి ఆడుతున్నంతసేపూ గోడకు ఆనుకుని, క్యూ కర్రను బూటు మీద నిలబెట్టుకుని చూస్తుంది. కూర్చోదు. అది పొగరని అంపైర్లు అన్నారు, ఆమె చేతిలో ఓడినవాళ్ళూ అన్నారు. ఒక విలేఖరి ఎందుకని అడిగితే, "కూకుంటే లెగమంతారు" అంది. అతను ఆ మాట రాసుకోలేదు.

బెంగాల్ మహిళల స్నూకర్‌లో ఆమె నాలుగుసార్లు విజేత. జాతీయ టైటిల్ ఒకసారి. ఇల్లు గార్డెన్ రీచ్‌లో, కార్పొరేషన్ సఫాయి క్వార్టర్లలో. తండ్రి బైరాగి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడి రోడ్లు ఊడుస్తున్నాడు.

టైర్ల దుకాణం మేడ మీద ఒక స్నూకర్ పార్లర్ ఉండేది. అన్న హరీష్‌ను అన్నానికి పిలవడానికి వెళ్ళి, అతను పాకెట్‌లో వెయ్యలేకపోయిన బంతిని తను వేసింది. ఆ తరువాత పిలవడానికి కాదు, ఆడటానికే వెళ్ళింది. పందెం కాసి ఓడినవాడొకడు బల్ల మీద టీ ఒంపాడు. హరీష్ ఆమె మొదటి క్యూను మోకాలికేసి విరిచాడు. పెద్దమ్మ కుళాయి దగ్గర నలుగురిలో అంది:

"మగోల మజ్జిన ఒంగుని ఆడతావేటే గుంటా, సిగ్గు నేదేటి?"

"నీ కొడుకులు నిలబడే ఓడిపోతన్నారు పెద్దమ్మా. సిగ్గు ఆల్నడుగు."

పెద్దమ్మతో ఇప్పటికీ మాటల్లేవు. హరీష్‌తోనూ అంతే.

మొదటి టైటిల్ తరువాత ఆమెను నగరంలోని ఒక పెద్ద క్లబ్బులోకి తెచ్చింది రఘురాం. బ్యాంకు అధికారిగా రిటైరై సాల్ట్ లేక్‌లో ఉంటున్న తెలుగాయన, క్లబ్బులో బిలియర్డ్స్ గదికి సెక్రటరీ. పేపర్లవాళ్ళు వస్తే "మా తెలుగమ్మాయి" అనేవాడు. ఆమెకు ఇప్పించింది పక్క గేటు నుంచి ప్రవేశం, పొద్దున పదకొండు దాకా ఒక బల్ల. భోజనాల గదిలోకి రానివ్వరు. టైర్ల దుకాణం మీది పార్లర్ ఎప్పుడో మూతపడింది. ఆమెకు ఈ నగరంలో దొరికే మంచి బల్ల అదొక్కటే.

ఆ బల్ల మీది ఆకుపచ్చ గుడ్డకు నూగు ఉంటుంది. నూగంతా ఒకే వైపు వాలి ఉండాలి. తెల్ల బంతితో ఆట మొదలుపెట్టే కొస నుంచి నల్ల బంతి ఉండే కొసకే బ్రష్ లాగాలి. ఎదురు లాగితే నూగు లేస్తుంది, నెమ్మదిగా కొట్టిన బంతి దారి తప్పుతుంది. రోజూ బ్రష్ వేసేది మార్కర్ మృత్యుంజయ. బల్లలు చూసుకుని పాయింట్లు చెప్పడం అతని ఉద్యోగం.

ఈ ఏడు వానల్లో అతను సెలవు మీద ఊరికి వెళ్ళాడు. జాతీయ పోటీలు దగ్గరపడ్డాయి. రఘురాం బ్రష్ తెచ్చి బల్ల అంచున పెట్టాడు.

"అతనొచ్చేదాకా బల్ల మీద నువ్వు బ్రష్ తోసెయ్ పుష్పా."

"పదకొండుకి ఆడే సేన్ గారికి చెప్పండి సార్."

"సేన్ గారికా?" రఘురాం నవ్వాడు. "మీవాళ్ళకి అలవాటున్న పనే కదమ్మా."

ఆమె బ్రష్ తీసి కిటికీలో పెట్టింది. క్యూ కొనకు పూసే సుద్దపొడి పడ్డ గుడ్డ మీదే ఆడింది. మరునాడూ అంతే. సభ్యులు ఫిర్యాదు చేశారు. తోస్తావా, బల్ల వదులుకుంటావా అని రఘురాం అడిగాడు. ఆమె తరువాతి బంతికి వంగింది. అతను బైరాగికి ఫోన్ చేశాడు.

"ఒక్కపాలి తోస్తే సెయ్యి ఊడిపోద్దేటే?" అన్నాడు బైరాగి ఇంటికి రాగానే. "బతుకంతా ఊడ్సినాను. నా పనంత నీచవా నీకు?"

"నీ పని కాదు నాన్నా. ఆడు సెప్పిన తీరు."

"బల్ల పోద్ది."

"పోనీ."

"పోతే ఏటి సేత్తావు? నాతోపాటు సీపురట్టుకుంతావా?"

బల్ల లేకపోతే ఆట లేదు.

మరునాటి సాయంత్రం రఘురాం ఇద్దరినీ క్లబ్బుకు రమ్మన్నాడు. బైరాగి ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. బల్ల చుట్టూ గ్లాసులతో కొందరు సభ్యులు, వాళ్ళలో సేన్.

"అందరి ముందూ ఒక్కసారి తోసెయ్. గొడవ వదిలిపోతుంది" అన్నాడు రఘురాం.

"తొయ్యను."

"పెద్దవాళ్ళు అడుగుతున్నారమ్మా."

"అడగడం నేదు సార్. తమాసా సూత్తన్నారు."

బైరాగి తలుపు దగ్గర నుంచి వచ్చి బ్రష్ అందుకున్నాడు. "నానూడుత్తాను బాబూ. గుంటకి బల్ల ఉంచండి."

"నాన్నా, వొగ్గీ."

అతను వినలేదు. నల్ల బంతి కొస దగ్గర మొదలుపెట్టాడు. బల్ల వెంట వెనక్కి నడుస్తూ, రోడ్డు ఊడ్చినట్టు తన వైపుకే లాగాడు. ఇటూ అటూ తిరిగి, ఒక్క చోటు వదలకుండా. నూగంతా లేచింది.

"అరె, ఉల్టో!" అన్నాడు సేన్. ఎదురు లాగాడని తక్కినవాళ్ళు నవ్వారు. రఘురాం కూడా నవ్వాడు. "చాలు, చాలు. బల్ల నీదే పుష్పా, పో."

బైరాగి చొక్కా చేతితో నుదురు తుడుచుకుని, ఎందుకు నవ్వుతున్నారో తెలియక, కూతురి వైపు చూశాడు.

"బాగొచ్చిందా?"

"బాగొచ్చింది" అంది.

మరునాడు పొద్దున ఆమె మామూలు వేళకే వెళ్ళింది. మృత్యుంజయ రాత్రి బండికి తిరిగి వచ్చాడు. గుడ్డ మీద అరచెయ్యి ఆనించి చూశాడు.

"ఎవరు చేశారు దీదీ ఇలా?" అన్నాడు బెంగాలీలో.

"మా నాన్న."

"సరిచేస్తానుండు."

"ముట్టుకోకు."

బంతులు పేర్చి మొదటి ఎర్ర బంతికి నెమ్మదిగా కొట్టింది. తెల్ల బంతి పక్కకు జారిపోయింది. తిరిగి తెచ్చి అక్కడే పెట్టి కొట్టింది. మళ్ళీ జారింది. పదకొండుకు సేన్ వచ్చాడు. ఆమె క్యూ విప్పి పెట్టెలో పెట్టుకుని, బల్లను ఉన్నదున్నట్టే ఆయనకు వదిలి వెళ్ళింది.