గంప దించిన బండ

మా మనవరాలి పరీక్ష కాగితం మీద టీచరు ఎర్ర సిరాతో సున్నా చుట్టింది. ఇంట్లో పెద్దవాళ్ల సంతకం కావాలంది. ఆ సున్నాకు కారణం నేనే కాబట్టి, సంతకం కూడా నన్నే పెట్టమంది పిల్ల.

సంగతి గచ్చిబౌలిలో వాళ్ల బడిలో మొదలైంది. ఐదో తరగతి పిల్లలకు మన ప్రాంతంలో రాకపోకల చరిత్ర చెబుతున్నారట. పాతకాలం మనిషి వచ్చి నాలుగు మాటలు చెప్పాలని కబురు పెడితే, పాత గంప, నెత్తిన పెట్టుకునే చుట్టబట్ట తీసుకుని వెళ్లాను. గోడ మీద పెద్ద అట్ట. ఎడ్లబండి, బస్సు, కారు, మెట్రో రైలు బొమ్మలు వరుసగా అతికించారు. పైన రెండు ముక్కలు రాసి ఉన్నాయి. యాభై దాటాక అక్షరాలు నేర్చినదాన్ని, కూడబలుక్కుని బయటికే చదువుతాను. "పూర్వం ఇక్కడ రాళ్లు తప్ప ఏమీ లేవు. దారులు లేవు."

ఒళ్లు మండింది.

"టీచరమ్మా, దారి లేకుంటే చందానగర్ అంగడికి నేను ఎగురుకుంట పోయిన్నా?"

పిల్లలు నవ్వారు. టీచరు నవ్వలేదు.

"సరైన రోడ్లు లేవని మా ఉద్దేశం అండి. మీరు పల్లె జీవితం గురించి చెప్పండి, పిల్లలు ఎంజాయ్ చేస్తారు."

నేనేమైనా తమాషా చూపించడానికి వెళ్లానా? పిల్లల పుస్తకాల సంచులు గంపలో వేయించాను. ఆరు సంచులకే నిండింది. "లేపుండ్రి" అన్నాను. ఇద్దరు పట్టినా మోకాళ్లు దాటలేదు.

"గిసుంటి గంపల వంకాయలు నింపుకొని పోయేది. కింద పెట్టినవనుకో, ఒక్కదానివే మళ్ల ఎత్తుకోలేవు."

"మరి అలసిపోతే ఎట్ల?" అని ముందు వరుసలో ఒక పిల్ల అడిగింది.

అట్లాంటి ప్రశ్న ఆ అట్ట రాసినవాళ్లకు తట్టలేదు. అలసిపోయినవాళ్ల కోసమే దారిలో బండ ఉండేది. రెండు నిలువు రాళ్ల మీద, రొమ్ము ఎత్తున, అడ్డంగా వేసిన బండ. వంగకుండానే గంపను దాని మీదికి జరపొచ్చు, మళ్లీ తల ఆనించి ఎత్తుకోవచ్చు. ఎవరైనా ఎక్కి కూర్చుంటే మా అత్త తిట్టేది, అది బరువుకే గానీ పిర్రలకు కాదని. ఏడో నెల కడుపుతో గంప మోసినప్పుడు నాకు ఆ బండే దిక్కు. రోడ్డు వెడల్పు చేసిన రోజు జేసీబీ దాన్ని ముక్కలు చేసింది. మా అడుగులు పడ్డ చోటే తారు పోశారు. ఆ తారు మీదే బడికి వచ్చి, దారి లేదని పిల్లలకు చెబుతారు.

ఈ బండ సంగతి పిల్లలకు చెబుతుంటేనే టీచరు గడియారం చూసుకుంది. "థాంక్యూ అండి. పిల్లలూ, చప్పట్లు."

కొట్టారు. అట్ట మాత్రం గోడ మీదే ఉంది.

పరీక్షల ముందు మనవరాలు ఆ ముక్కలే బట్టీ పడుతుంటే ఆగలేకపోయాను.

"అది రాసినవంటే నాతోని మాట్లాడకు."

"మార్కులు పోతయి నానమ్మా."

"పోనీ."

పసిపిల్లతో అట్లా అనకూడదు. అన్నాను. తను రాసింది: "మా నానమ్మ నడిచిన దారి ఉండేది. బండ కూడా ఉండేది." దాని మీదే సున్నా.

"నేను తప్పు రాసిన్నా?" అంది, కాగితం నా ముందు పెట్టి.

"నువ్వు కాదు బిడ్డా."

"జర సంతకం పెట్టి పంపరాదే అమ్మా, లొల్లి ఎందుకు" అన్నాడు నా కొడుకు.

సంతకం ఒక్కటే పెట్టలేదు. సున్నా పక్కన ఒక్కో అక్షరం దిద్దుకుంటూ రాశాను: "దారి ఉండె. నేను నడిచిన. నమ్మకుంటే నాతోని నడువుండ్రి, గంప నేనే తెస్త." దాని కింద సంతకం. గట్టిగా ఒత్తేసరికి చివరి అక్షరం దగ్గర కాగితం చిరిగింది. అట్లాగే పంపాను.