అంకుల్ దాచిన రాళ్లు

అంకుల్ పోయారన్న కబురు నాకు రైల్లో అందింది. సింగపూర్‌లో సెంగ్‌కాంగ్ నుంచి చాంగీ బిజినెస్ పార్క్‌లో ఉన్న మా ఆఫీసుకి వెళ్తున్నాను. ఆయన భార్య, ఆంటీ, పొద్దున్నే ఎప్పుడూ ఫోన్ చెయ్యరు. తెర మీద ఆవిడ పేరు చూడగానే, ఫోన్ ఎత్తకముందే ఏదో జరిగిందని అర్థమైంది.

“అంకుల్ ఎల్లిపోయినారమ్మా. కాఫీ తాగి కుర్చీలో కూకున్నారు. పిలిస్తే పలకలేదు,” అన్నారు ఆంటీ.

ఏడుపు రావాలి. నిజం చెప్తున్నాను, ముందు నాకు వచ్చింది భయం. ఆ పాత రాళ్లు ఎక్కడున్నాయో, అలాంటి రాళ్లు చూడ్డానికి తిరిగే మా గుంపులో తెలిసింది ఆయనకీ నాకూ మాత్రమే. వాటి మీదికి యంత్రాలు రాబోతున్నాయి. ఎవరికైనా చెప్పాలా, నోరు మూసుకోవాలా అన్నది తేలకుండానే ఆయన వెళ్లిపోయారు. ఇక తేల్చాల్సింది నేను. ఇంటికి తాళం వేశానో లేదో చూసుకోవడానికి లిఫ్టు దాకా వెళ్లి వెనక్కి వచ్చే మనిషిని.

మీలో చాలామందికి ఆయన తెలియదు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. అంకుల్ పుట్టింది మలేషియాలో, పెరాక్ వైపు ఒక రబ్బరు ఎస్టేట్‌లో. వాళ్ల తాతగారు శ్రీకాకుళం నుంచి ఓడెక్కి అక్కడికి కూలికి వచ్చారట. అంకుల్ చదువుకుని సింగపూర్ వచ్చి, స్కూల్లో జాగ్రఫీ పాఠాలు చెప్పి, రిటైరయ్యాక బిషాన్ ఫ్లాట్‌లో స్థిరపడ్డారు. ఆయన తెలుగు మాత్రం వాళ్ల తాతతో పాటు ఓడ దిగిన తెలుగు. మధ్యలో కాస్త మలయ్, కాస్త తమిళం కలిసేవి. మేం గట్టు మీద గబగబా నడిస్తే “పెలాన్ పెలాన్, పడతారు” అని వెనకనుంచి కేకేసేవారు. పెలాన్ అంటే నెమ్మదిగా అని.

ఆయన పిచ్చి పాత రాళ్లు. చరిత్ర రాయకముందటి మనుషులు చనిపోయినవాళ్ల కోసం నిలబెట్టిన నిలువురాళ్లు, చుట్టూ బండలు పేర్చి కట్టిన సమాధులు. మా తెలంగాణలో వాటిని రాక్షసగుళ్లంటారు. మా ఊరి చెలకల్లో ఉండేవి. మేకలు ఎక్కేవి, మేమూ ఎక్కేవాళ్లం. వాటి గురించి తెలుసుకోవడానికి నేను సింగపూర్ దాకా రావాల్సి వచ్చింది. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు కదా.

ఆదివారాలు ఆయన బ్లాకు కింద తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్లో కలిసేవాళ్లం. ఐటీ వాళ్లం కొందరం, పరిశోధన చేసుకునే విద్యార్థులు కొందరు. అంకుల్ అందరికంటే ముందొచ్చి, టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి చోప్ చేసి, అంటే ఈ చోటు మాది అని గుర్తు పెట్టి, ఉంచేవారు. ఒకసారి ఒక కొత్త విద్యార్థిని, గుంటూరు అమ్మాయి, నిలువురాళ్లు అసలెందుకు పెట్టారని అడిగింది. అంకుల్ టిష్యూ ప్యాకెట్ వైపు వేలు చూపించి, “ఇందుకే. మావోడు ఇక్కడున్నాడు, ఇంకెవరూ కూకోకండి అని. ఆ కాలం చోప్ అది,” అన్నారు. ఆ అమ్మాయి నవ్వి నవ్వి కోపీ, అదే ఇక్కడి కాఫీ, ఒలకబోసుకుంది.

కానీ నవ్వులాట ఒక హద్దు వరకే. బిషాన్ ఊరు పాత శ్మశానం మీద కట్టిందే. “కింద పడుకున్నోళ్లని లేపి పంపేసి మనకి ఫ్లాట్లు ఇచ్చారు. అద్దె ఎలాగూ కట్టం, మర్యాదైనా ఉండాలి కాదేటి?” అనేవారు. సమాధుల దగ్గర ఎవరైనా వెకిలిగా ఫోటోకి నిలబడితే ఆయన ముఖం మాడిపోయేది. “కప్పెట్టినోళ్లు ఏడుస్తా కప్పెట్టారు. మనం నవ్వుతా తియ్యకూడదు.” ఈ మాట ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో.

ఆ మాట వెనక ఒక దెబ్బ ఉంది. కొన్నేళ్ల కిందట నేనే ఆయన్ని మా ఊరు తీసుకెళ్లాను. తెలుగునేల మీద ఆయన కాలుపెట్టడం అదే మొదలు. మా చెలకల్లో రాక్షసగుడి ముందు చాలాసేపు చేతులు కట్టుకుని నిలబడ్డారు. తర్వాత ఫోటో తీశారు. రాళ్ల ఫోటో తీసేవాళ్లకి ఒక అలవాటుంది. రాయి ఎంత పెద్దదో చూసేవాళ్లకి తెలియాలి కాబట్టి పక్కన ఏదో ఒక వస్తువు పెడతారు. అంకుల్ జేబులో చెయ్యి పెడితే సింగపూర్ డాలర్ బిళ్ల తగిలింది. పచ్చగా మెరిసే ఆ బిళ్లని బండ మీద పెట్టి ఫోటో తీసి, మా వాట్సాప్ గ్రూప్‌లో ఊరి పేరుతో సహా పెట్టారు.

గ్రూప్‌లో పెట్టింది గ్రూప్‌లో ఉంటుందా? కొన్ని వారాలకి మా పెదనాన్న కొడుకు ఫోన్ చేశాడు. “చెల్లే, మీ సార్ ఫోటోల బంగారు బిళ్ల ఉందని ఊరంతా లొల్లి. గుప్తనిధులని చెప్పి మొత్తం తవ్విండ్రు. బండలు పలగ్గొట్టిండ్రు. ఏం దొరకలే. బొక్కలు బయటేసి పోయిండ్రు.” బొక్కలంటే మా వైపు ఎముకలు.

అంకుల్‌కి ఈ సంగతి నేనే చెప్పాను. ఆయన తాగుతున్న కోపీ కప్పు కింద పెట్టేశారు. “ఎవుడో కన్నతల్లిని కప్పెట్టి ఉంటాడు. నేనెల్లి బిళ్ల ఎట్టి తవ్వించాను,” అన్నారు. మీ తప్పేముంది అంకుల్ అని ఎంత చెప్పినా చెవిన పెట్టలేదు. ఆనాటి నుంచి ఆయన జేబులో నాణెం బదులు దువ్వెన వచ్చింది. తల మీద దువ్వుకోవడానికి వెంట్రుక లేదు. రాళ్ల పక్కన పెట్టడానికే ఆ దువ్వెన. రాళ్లు చూడ్డానికి మలేషియా వెళ్లేటప్పుడు వ్యాన్‌లో ఒక్కొక్కరి ఫోన్ చూసి, ఫోటోల్లో చోటు నమోదు కాకుండా ఆపారా లేదా అని అడిగేవారు. అడిగినవాళ్లనే మళ్లీ అడిగేవారు. కుర్రాళ్లు విసుక్కునేవాళ్లు. నాకు మాత్రం ఆయన పక్కన ప్రాణం హాయిగా ఉండేది. నా కంటే ఎక్కువ భయపడే మనిషి దొరకడం నాకు చాలా అరుదు.

పోయిన ఏడాది మలేషియాలోనే నెగెరి సెంబిలాన్ వైపు ఒక పామాయిల్ ఎస్టేట్‌లోకి నన్నూ ఆంటీనీ మాత్రమే తీసుకెళ్లారు. అక్కడి కాపలాదారు ఆయనకి పాత స్నేహితుడు. చెట్ల వరసల నడుమ, చీకటి నీడలో, నాచుపట్టి మనిషెత్తు రాళ్లు నిలబడి ఉన్నాయి. ఏ పటంలోనూ లేవు. ఆ ప్రాంతంలో ఇలాంటి వాటిని బతికున్న రాళ్లంటారు, పెరుగుతాయని నమ్ముతారు. అంకుల్ దణ్ణం పెట్టుకుని నా వైపు తిరిగారు.

“ధైర్యస్తులకి సెప్తే పోస్టు పెట్టేస్తారు. నువ్వు పిరికిదానివి. అందుకే నీకు సూపించాను.”

అది పొగడ్తో తిట్టో ఆ రోజు తెలియలేదు.

ఆయన పోయేముందు ఆదివారం కలిసినప్పుడు ముఖంలో కళ లేదు. కాపలాదారు ఫోన్ చేశాడట. చెట్లు ముదిరిపోయాయి, కొట్టేసి కొత్తవి నాటుతున్నారు, వారాల్లో యంత్రాలు దిగుతాయి. అంకుల్ చోటు చెప్పకుండా సంగతి మాత్రం అందరి ముందూ పెట్టారు. గుంటూరు అమ్మాయి ఊరుకోలేదు.

“అక్కడి మ్యూజియం వాళ్లకి చెప్పేయండి అంకుల్. లేకపోతే బుల్‌డోజర్ కింద పోతాయి. దాచుకోడానికి అవి మీ రాళ్లా?”

“సెప్తే బోర్డు ఎడతారు తల్లీ. బోర్డు సూసి గునపాలొస్తాయి. యంత్రానికి తెలియక కొడితే ఒక పాపం. తెలిసి తవ్వితే ఇంకో పాపం. రెండోది నాను ఓసారి సూశాను.”

“ఏమీ చెయ్యకపోతే?”

ఆయన టేబుల్ మీది టిష్యూ ప్యాకెట్ తీసి జేబులో పెట్టుకున్నారు. లేచేటప్పుడు నాతో, “వచ్చే ఆదివారం దాకా ఆలోచిద్దాం,” అన్నారు. ఆ ఆదివారం రాకముందే ఆంటీ ఫోన్ వచ్చింది.

దహనం అయ్యాక బిషాన్ ఫ్లాట్‌కి వెళ్లాను. పరామర్శకి వెళ్లి నా గోడు వెళ్లబోసుకున్నాను. సిగ్గేసింది కూడా. ఆంటీ అంతా విన్నారు.

“ఆయన ఉండుంటే ఇంకా ఆలోచిస్తానే ఉండేవోరు. ఆ బిళ్ల గొడవ తర్వాత ఆయన దేనికీ ఊ అనలేదు, ఊహూ అనలేదు. నువ్వూ అలగే అయిపోకు. బెంగ పెట్టుకుంటే రాయి నిలబడదమ్మా.”

“చెప్పాక ఎవరైనా తవ్వేస్తే, ఆంటీ?”

“తవ్వితే ఏడుద్దాం. ముందే ఏడిస్తే ఏటొస్తాది?”

ఆ సాయంత్రమే సరిహద్దు అవతలి మ్యూజియం ఆఫీసుకి మెయిల్ రాశాను. ఎస్టేట్ గుర్తులు, కాపలాదారు ఫోన్ నంబరు, దువ్వెన పక్కన పెట్టి తీసిన ఫోటోలు. పంపే ముందు నాలుగుసార్లు చదువుకున్నాను. పంపాక మళ్లీ చదివాను. మర్నాడు ఫోన్ చేసి, దయచేసి మీ పేజీలో పెట్టకండి అని బతిమాలాను. అవతలి ఆయన మర్యాదగానే, చూస్తాం మేడమ్ అన్నారు. ఆ తర్వాత ఉలుకూ లేదు, పలుకూ లేదు. అన్నం తింటూ ఫోన్ చూసేదాన్ని. “అమ్మా, స్టాప్ చెకింగ్ లా,” అని మా అమ్మాయి సింగపూర్ ఇంగ్లీషులో కసిరి, ఫోన్ లాక్కుని ఫ్రిజ్ మీద పెట్టింది.

కాపలాదారు కూడా ఫోన్ ఎత్తడం మానేశాడు. ఇక ఉండబట్టలేక ఒక శనివారం ఆంటీని తీసుకుని కారులో బయల్దేరాను. ఎస్టేట్ మలుపు తిరిగి కారు ఆపేశాను. ఒక్క చెట్టు లేదు. కొండ అంచు దాకా ఎర్రమట్టి, నరికిన మొదళ్లు, యంత్రాల జాడలు.

రాళ్లు ఉన్నాయి. చుట్టూ మేకులు కొట్టి ఎరుపు తెలుపు టేప్ కట్టారు. యంత్రాల జాడలు అక్కడిదాకా వచ్చి పక్కకి తిరిగిపోయాయి. ఆంటీ “అమ్మయ్య” అని నా చెయ్యి పట్టుకున్నారు. నాకు ఆ మాట రాలేదు. ఇన్నాళ్లూ చెట్లు దాచిన రాళ్లు ఇప్పుడు రోడ్డు మీద పోయే ప్రతివాడికీ కనిపిస్తున్నాయి. అంకుల్ దేనికి భయపడ్డారో అదే నా కళ్ల ముందుంది. ఆ టేప్ కట్టి గుర్తు పెట్టించింది నేనే.

అప్పుడే రోడ్డు మీద ఒక లారీ నెమ్మదించి ఆగింది. డ్రైవర్ దిగాడు. రాళ్ల వైపు చూశాడు. మళ్లీ బండిలోకి వంగి సీటు కింద ఏదో వెతికాడు. గునపమే అనుకున్నాను. కారు తలుపు తీసి దిగబోయాను. ఆంటీ నా మోచెయ్యి పట్టి ఆపారు.

అతను చెప్పులు బయట విడిచి, టేప్ ఎత్తి కింద నుంచి దూరి లోపలికి వెళ్లాడు. మిట్టమధ్యాహ్నం దాటి కాస్త పొద్దు వాలింది. ఆ మైదానం మొత్తం మీద నీడ ఉన్నది ఆ రాళ్ల పక్కనే. అతను పెద్ద రాయి నీడలో చతికిలబడి, సీటు కింద నుంచి తెచ్చుకున్న అన్నం పొట్లం విప్పి, వీపు రాయికి ఆనించి తినడం మొదలుపెట్టాడు.