చీమ దారం వదలదు

మొన్న తార్నాకలో బండి మీద మామిడికాయలు ఏరుతుంటే ఎర్రచీమ ఒకటి నా మణికట్టు మీదికి పాకింది. ఆ చక్కిలిగింతకు ఎవరైనా చెయ్యి విదిలిస్తారు. నేను మాత్రం చెయ్యి కళ్ల దగ్గరికి తెచ్చుకుని దాని కాళ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. బండి అతను నన్ను వింతగా చూశాడు. ఈ పిచ్చి నాకు అంటించింది సుగుణమ్మ.

సుగుణమ్మ యూనివర్సిటీలో మా జంతుశాస్త్ర విభాగం అటెండర్. సీతాఫల్‌మండి నుంచి నడిచి వచ్చేది. చదివింది ఏడో తరగతే అయినా, పాతికేళ్లుగా ల్యాబులో పురుగుల సీసాలు తుడిచీ తుడిచీ వాటిని మాకంటే బాగా గుర్తుపట్టేది. ఎమ్మెస్సీ చివర్లో, ఎండాకాలం ముగుస్తుండగా, విభాగం వెనకున్న మామిడిచెట్ల మీద సాలీళ్లను నమోదు చెయ్యడం నా ప్రాజెక్టు. రెండు వారాలు తిరిగినా నోటుబుక్కులో సాలీడు ఒక్కటీ లేదు, చీమలు మాత్రం పేజీలకు పేజీలు. మర్నాడు ప్రాజెక్టు చూసే సార్‌కు పుస్తకం చూపించకపోతే ఏడాది పోయినట్టే. మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే సుగుణమ్మ పుస్తకం లాక్కుంది.

“ఏంది బిడ్డా, అన్నీ చీమలేనా? పా, చూద్దాం.”

చెట్టు దగ్గర నేను చూపించిన ఎర్రచీమను పుల్లతో మెల్లగా తట్టింది. అది ఆకు మీంచి దూకి, సన్నని దారం పట్టుకుని గాలిలో వేలాడింది.

“చీమ యాడనన్న దారం ఇడుస్తదా? ముంగట ఎత్తినయి మీసాలు గావు, కాళ్లు. మంచిగ లెక్కవెట్టు.”

ఎనిమిది! చీమ వేషం కట్టిన సాలీడు. ఆనందం పట్టలేక సుగుణమ్మను కావలించుకున్నాను. సాయంత్రంలోగా ఇంకో నాలుగు దొరికాయి. ఆ ఊపులో పాత పేజీల్లో ‘చీమ’ కొట్టేసి ‘సాలీడు’ అని దిద్దబోతే నా చెయ్యి పట్టుకుంది.

“నిన్నటియి లెక్కవెట్టినవా?”

“లేదమ్మా.”

“మరి గదే రాయి.”

సిగ్గుపడుతూనే ప్రతి పాత పేజీ కిందా ‘కాళ్లు లెక్కపెట్టలేదు’ అని రాశాను. మర్నాడు సార్ అది చదివి పగలబడి నవ్వారు. “ఇది రాశావు కాబట్టి మిగతావి నమ్ముతున్నానమ్మా” అని సంతకం పెట్టారు. తలుపు దగ్గర నిలబడ్డ సుగుణమ్మ తనే పాసైనట్టు మురిసిపోయింది.

ఇప్పుడు నేనూ పాఠాలు చెబుతున్నాను. మా పిల్లల రికార్డుల్లో ‘చూడలేదు’ అని నిజాయితీగా రాసిన మాట కనిపిస్తే నాకెంత ముద్దొస్తుందో చెప్పలేను.

ఇంతకీ బండి దగ్గర ఆరు కాళ్లు, రెండు మీసాలు అని తేలేసరికి అది చురుక్కున కుట్టింది. చెయ్యి రుద్దుకుంటూ పైకే నవ్వేశాను. చీమే, సుగుణమ్మా. లెక్కపెట్టాను.