సజ్జ లేని గోడ

మొన్న మధ్యాహ్నం మా కోడలు ఫోన్లో ఏదో వీడియో పెట్టుకుని కూర్చుంది. చెంగిచెర్లలో కొన్న ప్లాటులో ఇల్లు మొదలుపెట్టాలని వాళ్ళ ఆరాటం. ఆ వీడియోలో ఒక పిల్ల తేనె పూసినట్టు చెప్పుకుపోతోంది: పునాది మీద, నేల నుంచి గదిలోని గచ్చు దాకా లేపే కట్టడాన్ని బేస్‌మెంట్ అంటారట, తలుపుల మీద కిటికీల మీద గోడ బరువు మోసే దూలాన్ని లింటెల్ అంటారట, వాన జల్లు లోపలికి కొట్టకుండా కిటికీ పైన బయటికి చాచి పోసే పలకను సజ్జ అంటారట. నేను ఏరుతున్న పప్పు చేట పక్కన పెట్టి లేచి లోపలికి పోయాను. ఆ మాటలు నాకెవరూ అంత మెత్తగా నేర్పలేదు. ఒక్కొక్కటీ ఒక్కొక్క కొట్లాటలో నేర్చుకున్నాను. నేర్పినవాడు మా బావ, అంటే మా ఆయనకు సొంత అన్న.

నా ఈడువాళ్ళకు అప్పటి నాచారం గుర్తుండే ఉంటుంది, ఫ్యాక్టరీ సైరన్‌తో లేచి సైరన్‌తో పడుకున్న రోజులు. మా మామ ఊరు విడిచి వచ్చి, ఒళ్ళు అరగదీసుకుని, కొడుకులకు మిగిల్చింది ఒక్క జాగ. ఆయన పోయాక అన్నదమ్ములు దాన్ని రెండు ముక్కలు చేసుకున్నారు. దక్షిణం వైపు బావది, ఉత్తరం వైపు మాది. అత్త మా దగ్గరే ఉండేది. అప్పటికే ఆమె మోకాళ్ళు పడిపోయాయి, మంచం దిగితే గోడ పట్టుకునే నడిచేది.

ముందు మేమే కట్టుకున్నాం. సున్నంతో ముగ్గు పోసి, పునాదులు తవ్వి, బేస్‌మెంట్ లేపే వేళకు బావ వచ్చి నిలబడ్డాడు. పెద్దవాడి ఇంటికన్నా చిన్నవాడి ఇల్లు ఎత్తుండకూడదన్నాడు, ఉత్తరం పల్లంగానే ఉండాలన్నాడు, శాస్త్రమన్నాడు, మేస్త్రీ చేత కొన్ని వరుసలు తీయించేశాడు. తాను కూడా మరీ ఎత్తు లేపనని, జరంత ఉంటే చాలని మాటిచ్చాడు. మా ఆయన అన్న మాటకు ఎదురు చెప్పే మనిషి కాదు. నాకేమో అప్పటికి ఎత్తుకూ పల్లానికీ తేడా తెలియదు.

మరుసటేడు బావ మొదలుపెట్టాడు. ఎత్తు నింపడానికి లారీలకు లారీలు మొరం మట్టి దిగింది. ఆయన బేస్‌మెంట్ నా నడుము దాటి ఛాతీ దాకా వచ్చింది. గోడలు లేవకముందే వానాకాలం వచ్చింది. ఒక పొద్దున కురిసిన వానకు ఆ ఎత్తు మీద పడ్డ నీళ్ళన్నీ మొరంతో సహా మా గడప దాటి లోపలికొచ్చాయి. బియ్యం నానిపోయాయి, అత్త మంచం కింద ఆమె చెప్పులు తేలాయి. చీర కుచ్చెళ్ళు దోపుకుని బావ మీదికి పోయాను.

"మీరు పల్లంల కట్టుకుంటే నేనేం జెయ్యాలె?" అన్నాడు.

"పల్లంల కట్టిచ్చింది ఎవరు బావా?"

ఆయన నాకు వీపు తిప్పి మేస్త్రీతో ఇటుకల సంగతి మాట్లాడసాగాడు. ఆ వీపును నేనింకా మరిచిపోలేదు.

గోడలు లింటెల్ దాకా లేచాయి. హద్దు మీదికే గోడ తెచ్చుకున్నవాడు, మా వైపు కిటికీలు పెట్టి, వాటికి సజ్జలు మా వాకిట్లోకి చాపాలని చూశాడు. సజ్జ పోయడానికి కింద కట్టెలు, పలకలు నిలబెడతారు, సెంట్రింగ్ అంటారు. ఆ కట్టెలు మా జాగలోనే పాతించాడు. మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. నేను పీట తెచ్చుకుని ఆ పలకల కింద కూర్చున్నాను, కాంక్రీటు పోయాలంటే ముందు నా నెత్తిన పోయమన్నాను. మా తోటికోడలు అటునుంచి నా పుట్టింటినంతా తిట్టిపోసింది.

"నడుమ నీదేంది? మీ అన్నను పిలిపియ్యాల్నా?" అని బావ మీదికొచ్చాడు.

"పిలువు. బస్తీని సుత పిలువు. హద్దు ఏడున్నదో అందరం సూద్దాం."

అప్పుడు అత్త వచ్చింది, గోడ పట్టుకుని, ఆయాసపడుతూ. కొడుకు వైపు చూడలేదు, నా వైపే చూసింది.

"కట్టుకోనియ్యి బిడ్డా. ఆ నీళ్ళు వచ్చేది నా మంచం కిందికే గద."

బావ తానే కట్టెలు పీకి అవతల పారేశాడు. నేను గెలిచాననుకున్నాను. మరునాడు పొద్దున్నే ఆ కిటికీ ఖాళీలన్నీ ఇటుకలతో పూడ్పించేశాడు. కిటికీలే లేకుంటే సజ్జెందుకు అన్నాడట. దక్షిణం నుంచి మాకొచ్చే గాలీ వెలుతురూ ఆ గోడతో పోయాయి. ఆ తర్వాత అత్త బతికినన్నాళ్ళు ఆమె గదిలో పట్టపగలు బల్బు వెలిగేది.

గృహప్రవేశానికి తల్లినొక్కదాన్ని రమ్మని కబురు పంపాడు. ఆమె పెట్టెలోని పట్టుచీర కట్టుకుని, నా భుజం పట్టుకుని వాళ్ళ వాకిలి దాకా నడిచింది. అంత ఎత్తు బేస్‌మెంటుకు మెట్లెన్ని ఉంటాయో చూడండి, పిట్టగోడ కూడా లేని మెట్లు. నన్ను పిలవలేదు కాబట్టి నేను వాకిట్లోనే ఆగాను. చేయి అందిస్తారేమోనని ఆమె కింది మెట్టు దగ్గర చాలాసేపు నిలబడింది. లోపల పూజ సాగుతోంది, అందరూ నవ్వుకుంటున్నారు. చివరికి వెనక్కి తిరిగి, "ఎత్తు మంచిగనే కట్టిండు" అంది.

ఆమె పోయినప్పుడు అన్నదమ్ములిద్దరూ పాడె మోశారు, ఒక్క మాట లేకుండా. బావ కూడా పోయి చాలా కాలమైంది, ఆయన కొడుకులు ఆ ఇల్లు అమ్ముకున్నారు. పోయినవాళ్ళ మీద కోపమెందుకని నా కొడుకు అంటాడు. వాడికేం తెలుసు? నాకు చల్లారలేదు, చల్లారాలని కోరిక కూడా లేదు.

ఇప్పుడు నాచారం నుంచి ఉప్పల్ దాకా ఇళ్ళు ఒకదానికొకటి అతుక్కుని లేచాయి, ఎవరింట్లోనూ వెలుతురు లేదు, ఎవరూ ఎవరితోనూ కొట్లాడటం లేదు. పక్కింటి ట్యాంకు పొంగి మా వాకిట్లో పడితే కొడుకు ఫోన్లో మెసేజ్ పెడతాడు, సాయంత్రానికి ఆగిపోతుంది. మంచిదే. కాని ఆ ఇంట్లో ఉండేవాళ్ళ ముఖాలు నేనింతవరకూ చూడలేదు. నాకు వాళ్ళ మీద కోపం కూడా రాదు, కోపం రావడానికి వాళ్ళు నాకేమీ కారు.