అవ్వ పాటకు జవాబు

మొన్న పొద్దున్న అనంతగిరిలో మా వసారాలో కూర్చుని చోడి అంబలి తాగుతుంటే మనుమరాలు పరుగున వచ్చి, దేశంలోని కొండజాతుల పాటలన్నీ కేంద్ర ప్రభుత్వం ఏరి కూర్చి ఇంటర్నెట్‌లో పెట్టిందట, మన వైపు పాటలు కూడా ఉన్నాయట అంటూ ఫోను నా చెవి దగ్గర పెట్టింది. వినీ వినగానే పోల్చేశాను. అది మా అవ్వ గొంతు! మా నాన్నను కన్నతల్లి, పోయి ఎన్నో ఏళ్లయిన మనిషి, నా చెవిలో పాడుతోంది. ఎంత సంబరపడ్డానంటే, అంబలి ఒలికి చీరంతా అయినా చూసుకోలేదు.

రేడియో చుట్టూ మూగి పెరిగిన మన ఈడువాళ్లకు ఈ సంబరం వేరే చెప్పనక్కరలేదు. అప్పట్లో ఆ పెట్టె తెలుగు మాట్లాడేది, హిందీ మాట్లాడేది, ఇంగ్లీషు కూడా దంచేది గానీ, మా ఇళ్లలో మాట్లాడుకునే కువి మాత్రం దానికి రాదని పిల్లలందరికీ గట్టి నమ్మకం. అలాంటిది ఒకనాడు ప్రభుత్వ రేడియోవాళ్లు జీపేసుకుని మా ఊరెక్కి వచ్చి, కొండజాతుల పాటలు రికార్డు చేసి దాచమని పైనుంచి ఉత్తర్వులొచ్చాయంటూ మా అవ్వను పాడమన్నారు. ఆ పూట ఊళ్లో పొయ్యి వెలిగించిన వాళ్లు లేరు.

అవ్వ పాడేది పెళ్లిళ్లలో పాడే ప్రశ్నా జవాబుల పాట. మీ కోడి పొద్దెక్కినా కూయలేదేమని పిల్లవాడి వైపువాళ్లు వెక్కిరిస్తే, మీ చుట్టాలు రాత్రే కూరొండుకు తినేశారు కదా అని పిల్ల వైపువాళ్లు తిప్పికొడతారు. అవ్వకు ఎప్పుడూ జవాబు పాడేది ఆవిడ వదిన, అంటే మా తాతకు అక్క, గెడ్డ అవతలి ఊరి కోడలు. ఆ రోజు గెడ్డ పొంగి ఆవిడ రాలేకపోయింది. రెండు వైపులా నువ్వే పాడెయ్యమని రేడియోవాళ్లు ఎంత బతిమాలినా అవ్వ ససేమిరా అంది. అడిగిన నోటితోనే జవాబు చెప్పుకోవడం మాలో దిక్కులేనివాళ్లు చేసే పని. చీకటిపడితే ఘాటురోడ్డు దిగలేమని వాళ్లు తొందరపెడుతుంటే, ప్రశ్నలు మాత్రం పాడి, జవాబు రావలసిన ప్రతిచోటా కాసేపు ఊరుకుంది. ఆ ఖాళీలు అలాగే ఉంచుతామని మాటిచ్చి వెళ్లారు, పాపం మంచివాళ్లు.

ఇక అక్కడినుంచి అవ్వకు దిగులు పట్టుకుంది. మేమంతా ఎగిరి గంతులేస్తుంటే, తను కాఫీ పళ్లు కోస్తున్నా, పొయ్యి ఊదుతున్నా అదే ధ్యాస. చివరికి మిషన్ బడి పంతులుగారి దగ్గరకు వెళ్లి తెలుగులో కూడా మొర పెట్టుకుంది.

“జవాబు నేకుండా నా పాట దేశమంతా ఇంటే, ఈ ముసిల్దానికి అయినోలు ఎవులూ నేరనుకోరా బాబూ?”

ఆయన పాట వచ్చే రోజు తన రేడియోను తెచ్చి బడి అరుగు మీద పెట్టారు. ఊరు ఊరంతా అక్కడే. ముందు ఒకాయన చక్కటి తెలుగులో భిన్న సంస్కృతులు, జాతి సంపద అంటూ మొదలుపెడితే, బేగి కానియ్యవయ్యా అని మా బాబాయి రేడియోనే కసిరాడు. అంతలో అవ్వ గొంతు! కువి! పెట్టెకు మా మాట వచ్చేసిందని మేం కేరింతలు కొట్టాం. ఇంతలో ప్రశ్న అయిపోయింది. రేడియోలో గరగర తప్ప ఏమీ లేదు. అవ్వ తల వంచేసుకుంది.

అప్పుడు జనం వెనకనుంచి, గెడ్డలో నడుందాకా తడిసిన కోకతో, వదినగారు గొంతెత్తి జవాబు అందుకుంది! కోడి ఏమైందో చెప్పేసింది! సరిగ్గా ఆవిడ ఆపేసరికి రేడియోలో అవ్వ రెండో ప్రశ్న వేసింది. ఏళ్లతరబడి కలిసి పాడిన మనిషి, వదిన జవాబుకు ఎంతసేపు పడుతుందో ఆవిడకు తెలియదూ మరి! ఆ తర్వాత జవాబులు ఊరంతా పాడింది, నేనూ గొంతు చించుకున్నాను. అవ్వ నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా వదిన చెయ్యి పట్టుకుని, బాగా అడిగానా, బాగా అడిగానా అంటూనే ఉంది.

ఆ టేపును ఇన్నాళ్లూ పారెయ్యకుండా దాచినందుకు ప్రభుత్వానికి నిజంగానే చేతులెత్తి మొక్కుతాను. గరగర తీసేసి, గొంతును నిన్న పాడినట్టు శుభ్రం చేశారు. ఆ శుభ్రం చెయ్యడంలో ఎవరో పాపం, ఆ ఖాళీలు కూడా దండగనుకుని కత్తిరించేశారు. అవ్వ ఊపిరి తీసుకోకుండా ప్రశ్న మీద ప్రశ్న వేసుకుంటూ పోతోంది. జవాబు నా నోటిదాకా వచ్చింది గానీ పాడడానికి సందే లేదు.

ఫోను ఎలా ఆపాలో మనుమరాలి దగ్గర నేర్చుకున్నాను. ఇప్పుడు ప్రతి ప్రశ్న దగ్గరా వేలితో ఆపి, జవాబు పాడి, మళ్లీ వదులుతున్నాను. పిల్లకు కూడా కొన్ని వచ్చేశాయి, కోడి జవాబైతే నాకంటే హుషారుగా పాడుతుంది. చివరి రెండు ప్రశ్నలకు మాత్రం జవాబు గుర్తు రావడం లేదు. గెడ్డ అవతలి ఊళ్లో అడిగించాను, తెలిసినవాళ్లు ఒక్కరూ మిగల్లేదు. ఆ రెండు చోట్లా నేను పాట ఆపను. అవ్వను గబగబా దాటించేస్తాను.