గుఢియారీ కూటంలో మా పెద్దమ్మ మనవి

మా పెద్దమ్మ మొన్న మంగళవారం ప్రభువునందు నిద్రించింది. ఈ హిందీ ఊళ్ళో, గుఢియారీ పేటలో మా తెలుగు కూటానికి వచ్చేవాళ్ళంతా ఏడ్చారు. ఒక్కాయన మాత్రం హమ్మయ్య అనుకుని ఉంటాడు. ఆయన్ని వదిలేసి ఆమెను తలచుకోవడం నాకు చేతకాదు.

ఆయన భన్‌పురి అవతల ఆటోలు తయారుచేసే ఫ్యాక్టరీలో ఆఫీసరు, మా కూటంలో పెద్ద. ఫ్యాక్టరీని విస్తరిస్తున్న రోజుల్లో ఒక ఆదివారం సాక్ష్యం చెప్పడానికి లేచాడు. "కొత్త షెడ్డు పడుతోంది. మన పిల్లలందరికీ నౌకరీ పక్కా!" అన్నాడు. దేవుడి ముందు నిలబడి అన్న మాట, ఎవరు అనుమానిస్తారు? ఉద్యోగాలు రాకముందే మేం కృతజ్ఞత కూడిక పెట్టేశాం. పెద్దమ్మ స్వయంగా పలావు వండి వడ్డించింది. ఆమె కూతురు, మా అక్క, మోవాలో నర్సింగ్ హోం పని మానేసింది.

షెడ్డు లేచింది. ఉద్యోగాలన్నీ ఆయన బావమరిది తెచ్చిన మనుషులకు పోయాయి. అక్క పాత చోటికి పరుగెత్తితే అక్కడ అప్పటికే వేరే అమ్మాయి ఉంది.

పెద్దమ్మ తిట్టలేదు. ప్రతి ఆదివారం పాస్టరు అయ్యగారు ప్రార్థన మనవులు అడగగానే, కళ్ళజోడు కొంగుతో తుడుచుకుని నెమ్మదిగా లేచేది. "మా అమ్మాయికి నౌకరీ ఇప్పిస్తానని నీ సన్నిధిలో మాటిచ్చిన తమ్ముణ్ణి జ్ఞాపకం చేసుకో ప్రభువా. ఆయన మరచిపోయాడు." అందరం ఆమేన్ అనేవాళ్ళం. ఆయనా అనాల్సి వచ్చేది. అబ్బ, ఆ ఆమేన్ వినడానికే నేను వానలో తడుస్తూ కూడా వెళ్ళేదాన్ని.

ఫ్యాక్టరీలో చేరిన ఆ కొత్తవాళ్ళలో ఒక పిల్ల జ్వరంతో పడిపోతే పెద్దమ్మే గంజి కాచి తీసుకెళ్ళింది. "దాని తప్పేముందే? పొట్ట కోసం వచ్చింది" అంది. ఆమె కోపం ఎవరిమీదో ఆమెకు బాగా తెలుసు.

ఆమె ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఆయన యాపిల్ పళ్ళతో వచ్చాడు. "అక్కయ్యగారూ, క్షమించానని ఒక్క మాట అనండి, బస్."

"అంటాను తమ్ముడూ. ముందు నా కూతుర్ని ఫ్యాక్టరీ గేటు లోపలికి పంపు, జల్దీ."

పళ్ళు నర్సులకు పంచిపెట్టించింది. అక్క ఇప్పటికీ ఇంట్లోనే ఉంది.

నిన్న ఆమె కోసం పెట్టిన ఆదరణ కూడికలో ఆయనే లేచి, ఆమె క్షమాగుణం గురించి మాట్లాడాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అయ్యగారు మనవులు అడగగానే లేచాను. పెద్దమ్మ కళ్ళజోడు నా దగ్గరే ఉంది. కొంగుతో తుడిచి, ఆమె మనవే మళ్ళీ చెప్పాను. ఒక్కటే మార్చాను. ఆమె ఏనాడూ ఆయన పేరు ఎత్తలేదు. నేను ఇంటిపేరుతో సహా ఎత్తాను.

ఆమేన్ అన్నారు అందరూ. అందరికన్నా గట్టిగా అక్క గొంతు వినిపించింది. కళ్ళు తెరిచేసరికి ఆయన గుమ్మం దగ్గర వంగి, చెప్పులు వెతుక్కుంటున్నాడు.