అక్క ఇంటికి డిజైనరమ్మ

ఆ రోజుల్లో మా తిరువూరులో ఇల్లు కట్టడమంటే గోడలు లేపడమే. ఆ గోడల మధ్య మనుషులు ఎలా మసలుతారన్నది గృహప్రవేశం అయ్యాక ఆ మనుషులే చూసుకునేవారు. బీరువా తలుపుకు అడ్డమొస్తే తలుపు సగమే తెరిచేవారు, మంచం కిటికీకి అడ్డమొస్తే కిటికీ మూసేసేవారు, కాపురం హాయిగా సాగిపోయేది. ఇంటీరియర్ డిజైనర్లు బెజవాడలో ఉంటారని విన్నాం గానీ, విస్సన్నపేట దాటి ఇటు వస్తారని ఎవరూ అనుకోలేదు. (వచ్చారు. తిన్నగా మా పెద్దక్క ఇంటికే వచ్చారు.)

అప్పుడు నేను ఓ సిమెంటు కొట్టులో గుమాస్తాని. పెద్ద చదువు లేదు. ఎవరూ నేర్పకుండానే లెక్క పట్టుబడింది. గోడ పొడవు చెబితే ఇటుకలు ఎన్ని పడతాయో, శ్లాబు చూపిస్తే ఇనుము ఎంత కావాలో నోటితోనే చెప్పేవాణ్ణి. గృహప్రవేశం నాడు పాలు పొంగించాక ఇంటివాళ్ళు మేస్త్రిని, వడ్రంగిని పదిమందిలో పిలిచి బట్టలు పెట్టడం మా వైపు ఆనవాయితీ. మా చుట్టాల ఇళ్ళలో వాళ్ళ తర్వాత నన్ను కూడా పిలిచేవారు, "లెక్క కట్టినవాడు, రావయ్యా" అని. ఆ చొక్కా గుడ్డ కుట్టించుకున్నా లేకున్నా, ఆ పిలుపు మాత్రం నాకు కావాలి. ఇక సొంత అక్క ఇల్లంటే చెప్పాలా? గంపలగూడెంలో పత్తి, మామిడి చూసుకునే మా బావ తిరువూరులో స్థలం కొన్నప్పటి నుంచీ ప్రతి కొలతా నాదే. శ్లాబు పడింది, గోడలు లేచాయి, ఇక ప్లాస్టరింగే తరువాయి అనగా ఒక సాయంత్రం బావ కొట్టుకొచ్చి, "రేపు బెజవాడ నుంచి డిజైనరమ్మ వస్తోందోయ్, నువ్వూ ఉండు" అన్నాడు.

"రంగులకా బావా?"

"రంగులకింకా టైముందిలే. ఇప్పుడే రావాలంట. ప్లాస్టరింగు అయ్యాక పిలిస్తే కరెంటు పైపులకని మళ్ళీ గోడలు పగలగొట్టుకోవాలంట."

ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

మర్నాడు డిజైనరమ్మ బస్సు దిగి, భుజాన సంచితో వచ్చింది. పాతికేళ్ళు కూడా ఉండవు. నన్ను ఏనాడూ ఇసుక కుప్ప మీద తప్ప కూర్చోబెట్టని బావ, ఆవిడకు ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, తన తువ్వాలుతో తుడిచి వేశాడు. (ఆ తువ్వాలుతో ఆయన తన మొహం తుడుచుకోవడం కూడా నేనెప్పుడూ చూడలేదు.) నేను టేపు పట్టుకుని సిద్ధంగా నిలబడ్డాను, అడిగితే చెబుదామని. ఆవిడ ఒక్క కొలత అడగలేదు. బావ వాళ్ళమ్మ దగ్గరికెళ్ళి, "పొద్దున్నే లేవగానే ముందు ఎటు వెళ్తారండీ?" అంది. మా అత్తయ్య సిగ్గుపడి, "ఎటెళ్తానమ్మా, అందరూ వెళ్ళేచోటికే" అంది. నేను గట్టిగా నవ్వాను. ఇంకెవరూ నవ్వలేదు.

తర్వాత ఆవిడ సుద్దముక్క తీసి నేల మీద మంచాలు, బీరువా, భోజనాల బల్ల, గ్యాసు గట్టు, అన్నీ వాటి నిజమైన సైజులో గీసేసి, "ఇప్పుడు మీరంతా ఓ పూట ఇక్కడ కాపురం చెయ్యండి" అంది. ఇక చూడండి మా వాళ్ళ సంబరం! అత్తయ్య గీతల మంచంలో చతికిలబడి, "పరుపు గట్టిగా ఉందే అమ్మాయ్" అంది. బావ ఇటుకగోడకేసి చూస్తూ కూర్చుంటే, అక్క లేని వంటింట్లోంచి, "ఆ టీవీ సౌండు తగ్గించండి, చెవులు పోతున్నాయి" అని కేకేసింది. ఆవకాయ పెట్టే రోజున జాడీలు ఎక్కడ ఆరబెడతారు, ముక్కలు కొట్టేవాళ్ళు ఎక్కడ కూర్చుంటారు అని డిజైనరమ్మ అడుగుతుంటే, మా మేస్త్రి కూడా చేతులు కట్టుకుని వింటున్నాడు! నా మేస్త్రి!

"ముగ్గులు చూసి ఇల్లు కడతారా బావా?" అన్నాను వరండాలోంచి.

"ఏంటోయ్, కుళ్ళా?"

"నాకెందుకు కుళ్ళు? నవ్వొస్తోంది."

"మరి నవ్వు. ఆ మొహమేంటి, ఆముదం తాగినట్టు?"

ఇంతలో అక్క ఫ్లాస్కులో తెచ్చిన టీ గ్లాసుల్లో పోసి, "ఒరేయ్, అత్తయ్యగారికి ఇచ్చిరా" అని పళ్ళెం నా చేతిలో పెట్టింది. నేను లోపలికి నడిచాను. భోజనాల బల్లను చుట్టి వెళ్ళాను. అత్తయ్య గదిలో మంచానికీ బీరువాకీ మధ్య పట్టక పక్కకు తిరిగి, పొట్ట లోపలికి పీల్చుకున్నాను. టీ చొక్కా మీద ఒలికింది. అత్తయ్య, "అయ్యో అబ్బాయీ, లేని బీరువాకి దారిచ్చావే!" అనేసరికి మేస్త్రి సిమెంటు బస్తా మీద కూలబడి నవ్వాడు.

డిజైనరమ్మ మాత్రం నవ్వలేదు. "సార్, అక్కడ ఇరుకైంది కదండీ. ఈ తలుపు గోడకు మధ్యలో ఎవరు పెట్టించారు?" అంది. అందరూ నన్నే చూశారు. రెండువైపులా సమానంగా ఉంటే అందమని నేనే పెట్టించాను. పరువు నిలుపుకోవాలిగా మరి, "ముహూర్తం చూసి నిలిపిన గుమ్మం కదిలించకూడదు" అన్నాను గంభీరంగా.

"అది సింహద్వారానికి అబ్బాయీ! పడగ్గది తలుపుకి ముహూర్తమేంటి?" అంది అత్తయ్య. మధ్యాహ్నానికల్లా మేస్త్రి ఆ గుమ్మం పీకి మూలకు జరిపాడు. ఆ గోడకు లెక్క కట్టింది నేను. పలుగు దెబ్బ పడ్డప్పుడల్లా అది నా వీపు మీదే పడ్డట్టుండేది.

గృహప్రవేశం నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరసలో నిలబడ్డాను. పాలు పొంగాయి. బావ మేస్త్రిని పిలిచాడు, వడ్రంగిని పిలిచాడు. నేను ఒక అడుగు ముందుకు వేశాను కూడా. "ఇంటికి రూపం తెచ్చిన మా డిజైనరమ్మ" అన్నాడు బావ. అక్క బొట్టుపెట్టి చీర పెట్టింది. ఆ తర్వాత బట్టల పళ్ళేలు లోపలికెళ్ళిపోయాయి. చివర్లో చుట్టాల వరసలో నాకూ బట్టలు పెట్టారు, "మా ఆవిడ తమ్ముడు" అని. లెక్కల మాట ఎత్తలేదు.

పైగా ఆవిణ్ణి బస్టాండులో దింపే పని నాకే చెప్పాడు బావ. బస్టాండులో బండి దిగాక ఆవిడే, "థాంక్సండీ. నేను చేసేది కూడా ఒక పనేనా అంటారు మా ఇంట్లో. ఇట్లా పదిమందిలో పిలిచి బట్టలు పెట్టడం నాకిదే మొదటిసారి" అంది. చీర కవరును రెండు చేతులతో గుండెకు హత్తుకుని ఉంది. "మీరంటే నాకు మొదట్లో భయమేసింది సార్. మీరు నోరు తెరిస్తే మేస్త్రి పని ఆపి వినేవాడు. నా మాట అలా ఎప్పటికి వింటారా అని కుళ్ళుకున్నాను."

బస్సొచ్చింది. "ఎడమవైపు సీటు పట్టుకోండి. బెజవాడ దాకా మధ్యాహ్నపు ఎండ కుడివైపే కొడుతుంది" అన్నాను. ఆవిడ ఎక్కి, ఎడమవైపే కూర్చుంది. ఆ రోజు నన్నెవరూ లెక్క అడగలేదు. అడక్కుండా చెప్పింది మాత్రం ఆవిడ విన్నది. ఛాతీ కాస్త పొంగింది. కుళ్ళంతా పోయిందనే అనుకున్నాను.

ఇంటికి తిరిగొచ్చేసరికి బావ చుట్టాలందర్నీ వెంటేసుకుని, డిజైనరమ్మ వంటింట్లో పెట్టించిన సొరుగులు ఒక్కొక్కటీ లాగి చూపిస్తున్నాడు. అవి చప్పుడు కాకుండా వాటంతటవే మూసుకుంటున్నాయి. వెనక నిలబడి, అవి ఎన్నాళ్ళకు పాడవుతాయా అని మనసులోనే లెక్క వేసుకుంటున్న ఆ కుర్ర గుమాస్తా ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉన్నాడు. పాపం, ఆ లెక్క కూడా తప్పింది. అవి ఈ రోజుకీ చక్కగా పనిచేస్తున్నాయి.